అనుమానం అంటే డౌటా, రుజువా?

పాతగుంటూరు:
మా అబ్బాయి హిందీ పుస్తకంలో ‘అనుమాన్’ అంటే అంచనా అని ఉంది. మనకేమో అనుమానం అంటే డౌటు. ఎవరిది కరెక్టు?

తర్కం మాస్టారు:
అసలు అర్థానికి ఇద్దరూ దూరమే. ‘అను’ అంటే వెంట, ‘మానం’ అంటే కొలిచి తెలుసుకోవడం. ఒకటి చూసి దాని వెంట ఇంకొకటి తెలుసుకోవడమన్నమాట. కొండ మీద పొగ కనపడింది, పొగ ఉన్నచోట నిప్పుంటుందని వంటింట్లో రోజూ చూస్తున్నాం, కాబట్టి కొండ మీదా నిప్పుంది. ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అని న్యాయదర్శనంలో, అంటే మన పాత తర్కశాస్త్రంలో, ప్రమాణాలు (నిజం తెలుసుకునే దారులు) నాలుగు. ఆ తర్కానికి తొలిపాఠం లాంటి తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు మన తెలుగువాడే అంటారు, ఆ మనమే రుజువు లాంటి మాటని డౌటు చేసి పాడుచేశాం. డౌటుకి సందేహం, శంక ఉన్నాయిగా?

సిరిమల్లె:
పాడుచేయడమేంటండీ? అనుమానం పెనుభూతం అని మా అమ్మమ్మ అనేది, ఆవిడేం తర్కం చదవలేదు. కన్నడంలోనూ అనుమాన అంటే డౌటే. అయినా సందేహం వేరు, అనుమానం వేరు. సందేహం అటూ ఇటూ ఊగుతుంది, అనుమానం ఒకవైపు మొగ్గుతుంది.

తర్కం మాస్టారు:
‘వాడు వచ్చేది అనుమానమే’ అంటాం. అందులో మొగ్గేదీ?

సిరిమల్లె:
రాడనే మొగ్గు. వస్తాడనుకుంటే ఎవరూ అలా అనరు.

బెజవాడ బాబు:
మా ఆఫీసుకి హిందీలో ‘అనుమానిత్ లాగత్’ అని లెటరొచ్చింది. అంచనా వ్యయం అని రాయాల్సింది, కొత్త కుర్రాడు ‘అనుమానిత ఖర్చు’ అని రాసేశాడు. అకౌంట్స్ వాళ్లకి రెండ్రోజులు నిద్ర లేదు 😀

తర్కం మాస్టారు:
చూశారా! తప్పుని వాడుక అని వెనకేసుకొస్తే ఇదే గతి. నేను ఇరవై ఏళ్లు పాఠం చెప్పాను, ప్రతి బ్యాచ్‌లోనూ మొదటి వారమంతా ఈ ఒక్క మాట విప్పడానికే పోయేది.

సిరిమల్లె:
మీకు వారం పోయింది, మా తమ్ముడికి ఉద్యోగం పోయింది. వాడు పనిచేసే కొట్లో గల్లాపెట్టెలో డబ్బు తగ్గింది. ఆ రాత్రి తాళం వేసింది వాడు. మీ పొగా నిప్పూ లెక్కే, వెంటనే మానిపించారు. నెల తర్వాత కూడికలో తప్పని తేలింది, మళ్లీ పిలిచిందీ లేదు, ఒక్క మాట అన్నదీ లేదు. అనుమానం అంటే రుజువని మీరంటుంటే నాకు ఒళ్లు మండేది అందుకు.

పాతగుంటూరు:
అయ్యో.

తర్కం మాస్టారు:
అమ్మా, తప్పుగా అనుకోకండి. పొగ ఉన్న ప్రతిచోటా నిప్పుండాలి, దాన్నే వ్యాప్తి అంటారు. తాళం వేసిన ప్రతివాడూ దొంగ కాదుగా, ఇక్కడ వ్యాప్తే లేదు. ఇలాంటి దొంగ హేతువులని హేత్వాభాసాలంటారు, ఐదు రకాలు. ఆ కొట్టువాడు చేసింది అసలు అనుమానమే కాదు.

సిరిమల్లె:
తెలుగులో దాన్నే అనుమానం అంటారు మాస్టారూ.

పాతగుంటూరు:
ఇంతకీ మావాణ్ణి ఏం రాయమంటారు? రేపే పరీక్ష.

బెజవాడ బాబు:
అంచనా.