సిగ్నేచర్ గిటార్ పేరులో ఏ తరందో తెలియాలా, అక్కర్లేదా?

బెజవాడ స్ట్రాట్:
మొన్న మన గ్రూపులో సెకండ్ హ్యాండ్ క్లాప్టన్ స్ట్రాటోకాస్టర్ (గిటారిస్ట్ ఎరిక్ క్లాప్టన్ పేరు మీద ఫెండర్ కంపెనీ చేసే ఎలక్ట్రిక్ గిటార్; ఇలా వాయించేవాళ్ల పేరుతో వచ్చేవే సిగ్నేచర్ గిటార్లు) అమ్మకానికి పెట్టారు కదా, దాని కింద అందరూ "పాతదా కొత్తదా" అని అడగడమే, అమ్మే ఆయనేమో "ఎరిక్ క్లాప్టన్ మోడలండీ" అనడం తప్ప ఇంకో ముక్క చెప్పలేకపోయారు. ఆయన్ని ఏమనగలం? 1988లో ఫెండర్ ఆ గిటార్ తెచ్చినప్పుడు లేస్ సెన్సర్ పికప్‌లు (తీగల కదలికని కరెంటు సిగ్నల్‌గా మార్చే భాగాలు) పెట్టారు, 2001లో వాటిని తీసేసి వింటేజ్ నాయిస్‌లెస్ వేశారు, టోన్ మారింది, పేరు మాత్రం అదే. ఫోటో పెద్దది చేసి చూస్తేనే తేడా దొరుకుతుంది: లేస్ సెన్సర్ అయితే పికప్ పైభాగం నున్నగా ఉంటుంది, నాయిస్‌లెస్ అయితే ఒక్కో స్ట్రింగ్ కింద గుండ్రటి పోల్ పీస్ (చిన్న లోహపు ముక్క) కనిపిస్తుంది. కొనేవాడికి ఇదంతా తెలియాలా? బండికి బీఎస్-4, బీఎస్-6 అని రాసినట్టు పికప్పో బ్రిడ్జో (తీగలు బాడీకి ఆనే భాగం) నెక్కో (వేళ్లతో నొక్కే పొడవాటి భాగం) మారినప్పుడు పేరులోనే తెలియాలి. ఇంత ఖరీదైన వస్తువుకి ఆ మాత్రం రాయకపోవడం నాకు అన్యాయంగానే ఉంది.

అరండల్‌పేట సిక్స్ స్ట్రింగ్:
అన్నా, అంకె వేస్తే అన్నీ తెలిసిపోతాయా? మ్యూజిక్ మ్యాన్ కంపెనీ గిటారిస్ట్ జాన్ పెట్రూచి పేరుతో తెచ్చిన గిటార్లే చూడు. 2001లో వచ్చిన జేపీ6 అంటే ఆరు స్ట్రింగ్స్, జేపీ7 అంటే ఏడు, అక్కడిదాకా బాగానే ఉంది. పదేళ్లయ్యేసరికి జేపీఎక్స్ అన్నారు, అది రోమన్ పది. 2012లో జేపీ12, అంటే పన్నెండు స్ట్రింగ్స్ కాదు, సంవత్సరం! జేపీ13, జేపీ15 కూడా అంతే, పైగా జేపీ15 ఆరులోనూ ఉంది, ఏడులోనూ ఉంది. బ్రాడీపేట నుంచి నా దగ్గరికి నేర్చుకోవడానికి వచ్చే కుర్రాడు జేపీ12 ప్రకటన చూసి "పన్నెండు స్ట్రింగ్సుది మనకెందుకులే సార్" అని వదిలేశాడు, నాకు చెప్పేసరికి అది వేరేవాళ్ల చేతికి వెళ్లిపోయింది. ఐబనెజ్ కంపెనీదీ ఇదే తంతు. గిటారిస్ట్ స్టీవ్ వాయ్ మోడల్ జెమ్7వీలో 7 ఉంటుంది, స్ట్రింగ్స్ మాత్రం ఆరే. ఏడు కావాలంటే యూనివర్స్ కొనాలి, యూవీ777. ఇలాంటి అంకెల కంటే అసలు అంకె లేకపోవడమే నయం.

బెజవాడ స్ట్రాట్:
తమ్ముడూ, నువ్వు చెప్పింది నా మాటకే బలం. ఒకే చోట ఒకే అంకెతో ఒకసారి స్ట్రింగ్స్, ఒకసారి సంవత్సరం చెప్పించారు, గొడవంతా అక్కడుంది. గిటారిస్ట్ జో సత్రియాని పేరుతో ఐబనెజ్ తెచ్చిన జేఎస్ సిరీస్ చూడు, జేఎస్1000కి 22 ఫ్రెట్లు (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీలు), 24 ఫ్రెట్లతో తెచ్చినదానికి జేఎస్2400 అని పెట్టారు. చూడగానే అర్థమవుతుంది. అలా పెట్టగలిగినవాళ్లు మిగతావాటికి ఎందుకు పెట్టరు?

పటమట మాస్టారు:
బాబూ, మీరిద్దరూ పేరుని గిటార్‌లో వెతుకుతున్నారు, అది ఉండేది కాంట్రాక్టులో. గిటారిస్ట్ లెస్ పాల్ పేరుతో అమ్మే గిటార్ బాడీని 1961లో గిబ్సన్ కంపెనీ మొత్తం మార్చేసి పల్చటి రెండు కొమ్ములది చేసింది, అయినా దాన్ని లెస్ పాల్ అనే అమ్మారు. 1963లో ఆయన పేరు తీసేస్తే అదే గిటార్ ఎస్‌జీ అయింది. గిటారిస్ట్ ఎడ్డీ వాన్ హేలెన్ విషయంలో ఇంకోలా జరిగింది: 1991లో మ్యూజిక్ మ్యాన్ ఆయన పేరుతో ఒకటి తెచ్చింది, ఆయన వెళ్లిపోయాక దాదాపు అదే గిటార్ యాక్సిస్ అయింది. ఆయన తన కొడుకు పేరైన వుల్ఫ్‌గ్యాంగ్ అని పీవీ కంపెనీలో ఒకటి చేయించుకుని, అక్కడి నుంచి బయటికి వచ్చాక ఆ పేరు కూడా వెంట తీసుకెళ్లారు. అందుకని పేరుని నమ్మకండి, సీరియల్ నంబర్ చూడండి. ఫెండర్ సిగ్నేచర్లలో నంబర్ ముందు ఎస్‌ఈ అంటే ఎనభైలవి, ఎస్‌ఎన్ తొంభైలవి, ఎస్‌జెడ్ ఆ తర్వాతి దశాబ్దానివి.

బెజవాడ స్ట్రాట్:
మాస్టారూ, మీ మాట మీద గౌరవం ఉంది కానీ ఆ సీరియల్ ఎక్కడుంటుందండీ? నెక్ చివరన ఉండే హెడ్‌స్టాక్ మీద. స్ట్రాట్ నెక్‌కి నాలుగు స్క్రూలే, విప్పి వేరే బాడీకి బిగిస్తే నంబర్ కూడా నెక్‌తోనే పోతుంది. అప్పుడు ఎస్‌ఈ అని ఉన్న నెక్ కింద ఏ పికప్‌లున్నాయో ఎవరు చెప్తారు?

గుణదల క్వైర్ గిటార్:
అంకె పెట్టించేవాళ్లకి నాదొక అభ్యంతరం. ఆదివారం ఆరాధనలో వాయించేవాణ్ణి నేను, ఏటా కొత్తది కొనే స్తోమత లేదు. పేరులో సంవత్సరం ఉంటే, అమ్మబోయిన రోజున గిటార్ ఎంత బాగున్నా "పన్నెండుదా, పాతదేగా" అని సగానికి బేరమాడతారు. క్లాప్టన్ పేరు ఉన్నది ఉన్నట్టే ఉండబట్టి పాతదానికీ విలువ నిలబడుతోంది.

అరండల్‌పేట సిక్స్ స్ట్రింగ్:
బ్రదర్ చెప్పింది నిజం, ఇది కంపెనీలు ఆలోచించని విషయం.

బెజవాడ స్ట్రాట్:
నష్టమే, కాదనను. అయితే సంవత్సరమే వేయమని నేనెప్పుడన్నాను? జేపీ15కి రోస్టెడ్ మేపుల్ నెక్, జేపీ16కి ఫ్లాయిడ్ రోజ్ బ్రిడ్జి (తీగల్ని లాక్ చేసి పట్టుకునే రకం). ఒక్క అంకె తేడాతో ట్యూనింగ్ పద్ధతే మారిపోయింది, ఆ 16 చూసి ఎవరికి తెలుస్తుంది? ఏది మారితే దాని పేరే పెట్టండి. లేస్ సెన్సర్ క్లాప్టన్, నాయిస్‌లెస్ క్లాప్టన్ అంటే ఏది పాతదని ఎవరూ బేరమాడరు, ఏ టోన్ కావాలో అదే అడుగుతారు. కంపెనీలు వినకపోయినా ఈ గ్రూపులో అమ్మకానికి పెట్టేవాళ్లు అలా రాయొచ్చు. అడ్మిన్ గారూ, ఇది రూల్‌గా పెట్టండి.