ఐక్యూ 74: ఇది కొలతా, అంచనానా?

కృష్ణాతీరం:
మా అక్క కొడుకు మూడో తరగతి. వెనకబడుతున్నాడని స్కూలువాళ్లు అంటే పోయిన నెల ఒక క్లినిక్‌లో ఐక్యూ పరీక్ష చేయించాం. బావ ఊళ్లో లేడని నేనే తీసుకెళ్లాను, గదిలో ఓ మూల కూర్చోనిచ్చారు.

ముందు ఒక చెక్కపలక. పది ఆకారాల ముక్కల్ని వాటి గుంటల్లో పెట్టాలి. మూడుసార్లు పెట్టించి స్టాప్‌వాచ్ చూశారు, వాడు చకచకా పెట్టేశాడు. తర్వాత అంకెలు. "నాలుగు, తొమ్మిది, రెండు" అని చదివి వెనకనుంచి చెప్పమన్నారు. వాడు వేళ్లు ముడుస్తూ "ఫోర్... తొమ్మిదంటే నైన్..." అని గొణుక్కున్నాడు. అంతలో చివరిది జారిపోయింది. వాడిది ఇంగ్లీషు మీడియం. కొట్లో "ముప్పై ఏడు" అంటే "అంటే ఎంత పిన్నీ?" అని నన్నడిగే పిల్లాడు. రిపోర్టులో మాత్రం జ్ఞాపకశక్తి తక్కువ, ఐక్యూ 74 అని రాశారు. అక్క ఆ కాగితం బీరువాలో పెట్టి తాళం వేసింది.

కంటికి కనబడని తెలివికి ఇలా నంబరు వేయడం, ఎత్తూ బరువూ చూసినట్టు కొలతేనా?

గణితప్రియ:
కనబడనిదాన్ని కొలవకూడదంటే వైద్యంలో సగం మూసెయ్యాలండి. 1742లో సెల్సియస్ తన స్కేలు పెట్టేనాటికి వేడి అంటే అసలేమిటో తేలనే లేదు. అయినా పాదరసం ఎంత ఎక్కిందో చూసి పని జరుపుకున్నారు. ఇక్కడా అంతే. ఒక్క ప్రశ్నకు వచ్చిన జవాబుతో ఏమీ తేలదు. కానీ లెక్కలు బాగా చేసే పిల్లలే ఎక్కువగా పదాలకు అర్థాలూ బాగా చెబుతుంటే, బొమ్మల పజిళ్లూ బాగా పెడుతుంటే, వెనక ఉమ్మడిగా ఏదో ఉందనుకోవడం సబబే. 1904లో మనస్తత్వవేత్త స్పియర్‌మన్ పట్టుకున్నది ఈ పొంతననే. ఆ తర్వాత ఎన్నో దేశాల్లో అది మళ్లీ మళ్లీ కనబడింది. మీ వాడి విషయంలో తప్పు పరీక్ష పెట్టిన తీరుదే.

తరాజు:
గణితప్రియ గారూ, థర్మామీటర్ల విషయంలో పాదరసం, ఆల్కహాల్, గాలి ఇలా వేర్వేరు పరికరాలు చేసి ఒకదానితో ఒకటి సరిచూసుకున్నారు. డిగ్రీకీ డిగ్రీకీ మధ్య దూరం సమానమేనా అని ఏళ్ల తరబడి కుస్తీ పట్టారు. ఐక్యూలో 70కీ 85కీ ఉన్న తేడా, 100కీ 115కీ ఉన్న తేడా ఒకటేనని ఎలా చెబుతారు? సగటు 100, ప్రామాణిక విచలనం (స్కోర్లు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పేది) 15 అని పెట్టుకున్నది మనమే. పిల్లాడు తన వయసు పిల్లల వరసలో ఎక్కడున్నాడో ఆ నంబరు చెబుతుంది. పరుగుపందెంలో మూడోవాడంటే ఎంత వేగంగా పరిగెత్తాడో తెలిసినట్టా? ఆస్ట్రేలియాలో మనస్తత్వవేత్త జోయెల్ మిచెల్ ఎన్నో ఏళ్లుగా అడుగుతున్నది ఇదే: తెలివి అసలు పరిమాణమేనా అని ముందు తేల్చుకోవద్దా?

పైగా మొదటి పరీక్ష చేసిన బినేయే 1905లో ఒప్పుకున్నాడు, తెలివితేటలు గీతల్లా ఒకదానిమీద ఒకటి పెట్టి కొలిచేవి కావని. పారిస్ బళ్లలో ఏ పిల్లలకు ప్రత్యేక బోధన కావాలో గుర్తించడం ఆయన పని. ఇక మీరన్న ఉమ్మడి విషయం తిండీ, బడీ, ఇంటి భాషా కూడా కావచ్చు. ఉందని పొంతన చెబుతుంది, ఏమిటో చెప్పదు.

వేపచెట్టు:
పదకొండేళ్లుగా ఈ పరీక్షలు పెడుతున్నదాన్ని. ఇవి లేని చోట పిల్లల మీద పడేది "మొద్దు" అనే మాట. ఒక పాప గుంటల పలక మీద వయసుకు తగ్గట్టే చేసింది, మాటల భాగంలో మాత్రం అట్టడుగున ఉంది. ఆ తేడా చూసి చెవుల పరీక్షకు పంపాను. రెండు చెవులా సరిగా వినబడటం లేదు! ఆ నంబర్లు లేకపోతే నేనూ మొద్దనే అనుకునేదాన్నేమో.

కానీ కృష్ణాతీరం గారూ, 74 ఒక్కటే రాసి ఇవ్వడం తప్పు. పరీక్ష విశ్వసనీయత (మళ్లీ పెడితే స్కోరు ఎంత నిలకడగా వస్తుందో; పూర్తి నిలకడ అయితే 1) 0.90 అనుకుంటే కొలత దోషం సుమారు 4.7. మామూలుగా దానికి రెట్టింపు అటూ ఇటూ చూసుకుంటాం, అంటే వాడి అసలు స్కోరు 65, 83 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. మేధో వైకల్యానికి మనం గీత గీసే 70 ఆ మధ్యలోనే ఉంది. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రం 71 వచ్చిన ఖైదీ హాల్‌కు, 70 దాటింది కాబట్టి మేధో వైకల్యం లేదు, మరణశిక్ష తప్పదంది. ఈ దోషాన్ని లెక్కలోకి తీసుకోని అలాంటి గీత చెల్లదని అక్కడి సుప్రీంకోర్టు 2014లో తీర్పిచ్చింది. మన దగ్గరా ఐక్యూ ఒక్కటే చూసి మేధో వైకల్యం అనకూడదు. పిల్లాడు సొంతంగా తింటాడా, బట్టలు వేసుకుంటాడా, నలుగురితో ఎలా మెలుగుతాడు అన్నవీ చూడాలి.

ఇంకొకటి, ఏ పరీక్ష పెట్టారో అడగండి. మన దేశంలో వాడే ఐక్యూ పరీక్షల్లో కామత్ పరీక్ష 1930ల్లో కన్నడ, మరాఠీ పిల్లల మీద తయారైంది, మాలిన్‌ది 1960ల్లో నాగపూర్‌లో. ఫ్లిన్ అనే పరిశోధకుడు చూపించినట్టు చాలా దేశాల్లో స్కోర్లు పదేళ్లకు సుమారు 3 పాయింట్లు పెరుగుతూ వచ్చాయి. అంటే పాత నార్మ్స్‌తో (అప్పటి పిల్లల మార్కుల పట్టికతో) పోలిస్తే ఈనాటి పిల్లాడికి ఉన్నదానికంటే ఎక్కువ రావచ్చు. సదరం లాంటి వైకల్య సర్టిఫికెట్ మీద వచ్చే చాలా సాయాలకు కనీసం 40 శాతం వైకల్యం చూపాలి. అక్కడ ఎక్కువ స్కోరు వస్తే నిజంగా సాయం కావలసిన పిల్లకే నష్టం.

తరాజు:
మేడం, ఆ 4.7 కాకతాళీయంగా ఇటూ అటూ ఊగే దోషానికి సరిపోతుంది. తెలుగు అంకెలు రాని పిల్లాడిని మళ్లీ తెలుగులోనే అడిగితే మళ్లీ తక్కువే వస్తుంది కదా. తక్కెడ ముల్లే ఒక పక్కకు వంగి ఉంటే పదిసార్లు తూచి ఏం లాభం?

గణితప్రియ:
ఇది ఒప్పుకుంటున్నాను. కానీ ఆ వంకరనూ లెక్కతోనే పట్టాలి. మిగతా భాగాల్లో సమానంగా ఉన్న తెలుగు మీడియం, ఇంగ్లీషు మీడియం పిల్లల్ని తీసుకుని, అంకెల ప్రశ్నలో మాత్రం తేడా వస్తోందా అని చూస్తే, ఆ ప్రశ్న జ్ఞాపకశక్తిని అడుగుతోందో భాషను అడుగుతోందో బయటపడుతుంది. మన పిల్లల మీద చేయాల్సిన పని ఇది.

కృష్ణాతీరం:
నిన్న రాత్రి వాణ్ణి ఇంగ్లీషు అంకెలతో అడిగి చూశాను. మూడు అంకెలు వెనకనుంచి తేలిగ్గా చెప్పాడు, నాలుగు దగ్గర మాత్రం తడబడ్డాడు. అంటే భాష ఒక్కటే కారణం కాదేమో. రోజూ కాసేపు చేయించనా? అక్క కాగితం బయటికి తీసింది. 74 పక్కన పెన్సిలుతో 65–83 అని రాశాను.

వేపచెట్టు:
ఇంట్లో చేయించకండమ్మా. అలవాటుతో వచ్చిన మార్కు వాడి సొంతం కాదు, తర్వాతి పరీక్ష పాడవుతుంది. కనీసం ఆర్నెల్లు ఆగి, అంకెలు ఏ భాషలో అడిగారో రిపోర్టులో రాయమని ముందే చెప్పండి. ఈలోగా చెవులూ కళ్లూ చూపించండి.