పిల్లల టీకాల మీద అనుమానాలు: వాట్సాప్ బాట్ సరిపోతుందా, నర్సమ్మే రావాలా?

రెండో షిఫ్ట్ (చర్చ మొదలుపెట్టింది నేనే)

మా అమ్మాయికి 11 నిండాయి. మొన్న స్కూల్ పేరెంట్స్ గ్రూపులో ఎవరో హెచ్‌పీవీ టీకా సంగతి ఎత్తారు. అదే, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా ఆడపిల్లలకు వేసేది. గంటలో గ్రూపు సంతలా తయారైంది. ‘ఇది వేస్తే పిల్లలు పుట్టరట’ అని ఒక ఫార్వర్డ్, దాని కింద వరసగా దండం బొమ్మలు. నేను ఆ ఫార్వర్డ్‌ను తీసుకెళ్లి ఒక ఏఐ చాట్‌బాట్‌లో పడేశాను. విసుక్కోకుండా ఒక్కో ముక్కా విడదీసి చెప్పింది. మా ఆవిడ నాలుగు ఎదురు ప్రశ్నలు వేసింది, వాటికీ చెప్పింది. అరగంటలో ఇద్దరికీ టెన్షన్ తగ్గింది.

నేననేది ఏమిటంటే, కోవిడ్ మొదలైన 2020 మార్చిలోనే కేంద్రం వాట్సాప్‌లో మైగవ్ హెల్ప్‌డెస్క్ పెట్టింది. మరుసటి ఏడాది టీకా సర్టిఫికెట్లు కూడా అందులోంచే డౌన్‌లోడ్ చేసుకున్నాం. పిల్లల టీకాల కోసం తెలుగులో, నోటితో అడిగినా వినేలా, అలాంటిది ఒకటి పెట్టడానికి రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలకు అడ్డేమిటి? పుకారు రాత్రి పదింటికి వస్తుంది. అప్పుడు ఏ నర్సమ్మ దొరుకుతుంది? ఒప్పుకోనివాళ్లు ఎందుకో చెప్పండి.

బుధ-శని

ఏఎన్ఎంగా, అంటే ఊళ్లలో టీకాలు వేసే నర్సుగా చేసి రిటైరయ్యాను. మాకు టీకాలు బుధవారం, శనివారం, అందుకే ఈ పేరు.

బాబూ, మీ బాట్ మంచిదే అయ్యుండొచ్చు. కానీ మీరు అడిగినట్టు మా ఊళ్లలో ఎవరూ అడగరు. ‘వద్దమ్మా, మొన్న సూదేస్తే జ్వరమొచ్చింది’ అంటారు, అంతే. దానికి బాట్ ఏం చెబుతుంది? జ్వరం మామూలే, ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది అంటుంది. నేనూ ఉద్యోగంలో చేరిన కొత్తలో అదే చెప్పేదాన్ని. తలూపేవాళ్లు, శనివారం మాత్రం వచ్చేవాళ్లు కాదు.

ఒక పిల్లాడికి 14 వారాల పెంటావాలెంట్ సూది, అదే ఐదు జబ్బులకు కలిపి వేసేది, పడాలి. రెండు శనివారాలు చూశాను, రాలేదు. ఇంటికి వెళితే నాయనమ్మ గడపలో కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. కోడలు లోపలి నుంచి బయటికి రాదు. నేనూ పక్కన కూర్చుని తొడిమలు తీయడం మొదలుపెట్టాను. గిద్దెడు కాయలయ్యాక అసలు సంగతి బయటపడింది. పదో వారం సూది తర్వాత పిల్లాడి తొడ గట్టిపడి రాత్రంతా ఏడ్చాడు. తెల్లారి కోడలు మిరప కోతకు పోలేకపోయింది. రెండు రోజుల కూలి పోయింది, పైగా ఇంకోసారి మానేస్తే ముఠాలోంచి తీసేస్తామన్నారట. వాళ్ల భయం టీకా గురించి కాదు. ‘ఈ చేలో కోత ఎప్పుడైపోతుంది?’ అని అడిగి, దాని తర్వాతి శనివారం రమ్మన్నాను. పారాసిటమాల్ చుక్కలిచ్చి, ఎంతవరకు లాగాలో డ్రాపర్ మీద పెన్నుతో గీత పెట్టాను. కార్డు వెనక నా నంబరు రాశాను. వచ్చారు.

ఆ నాయనమ్మ ఇదంతా ఫోన్‌తో చెప్పుకునేదా?

లెక్క తప్పదు

మేడమ్ చెప్పింది కళ్లకు కట్టినట్టుంది. కానీ ఒక ఇంటి అనుభవంతో పాలసీ తేల్చలేం కదా. 2024లో ‘సైన్స్’ పత్రికలో ఒక ప్రయోగం వచ్చింది. కుట్ర కథలు నమ్మే అమెరికన్లను రెండు వేల మందికి పైగా తీసుకుని ఏఐతో మూడు విడతలు వాదించనిచ్చారు. నమ్మకం సగటున 20 శాతం తగ్గింది, రెండు నెలల తర్వాత కూడా అలాగే ఉంది. ‘కుట్రలు నమ్మేవాడు ఎవరి మాటా వినడు’ అని మనం అనుకునేది అంత నిజం కాదన్నమాట.

ఇంకొకటి నేరుగా మన టాపిక్ మీదే. చైనాలో హెచ్‌పీవీ టీకా గురించి చెప్పే బాట్‌ను మిడిల్ స్కూల్ అమ్మాయిల తల్లిదండ్రులకు ఇచ్చి చూశారు, 2025లో ఫలితాలొచ్చాయి. టీకా వేయించినవాళ్లు, లేదా కనీసం తేదీ తీసుకున్నవాళ్లు బాట్ వాడిన వైపు 7 శాతం, వాడని వైపు 2 శాతం లోపు. మూడు రెట్లకు పైనే. అయితే అదే లెక్కను తిప్పి చదివితే, బాట్ చేతిలో ఉన్నా వందలో 93 మంది కదల్లేదు. రెండూ నిజమే. నా ఓటు మాత్రం బాట్‌కే, ఎందుకంటే దాని ఖర్చు తక్కువ.

ఖమ్మం వాడిని

హెచ్‌పీవీ అంటున్నారు కాబట్టి మా జిల్లా సంగతి చెప్పకుండా ఉండలేను. 2009లో పాత్ అనే అమెరికా సంస్థ, కేంద్ర వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్, అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం కలిసి ఖమ్మం జిల్లాలో సుమారు 14 వేల మంది అమ్మాయిలకు ఇదే టీకా వేయించాయి. భద్రాచలం వైపు గిరిజన హాస్టళ్ల పిల్లలు అందులో చాలామంది. కొందరు పిల్లలు చనిపోవడంతో గొడవై 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ చావులకు టీకా కారణంగా కనిపించడం లేదని విచారణ కమిటీ చెప్పింది, అది నేనూ ఒప్పుకుంటాను. కానీ అనుమతి పత్రాలు తీసి చూస్తే వేల ఫారాల మీద తల్లిదండ్రుల సంతకాలు లేవు, హాస్టల్ వార్డెన్లే పెట్టేశారు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దీన్ని గట్టిగా తప్పుబట్టింది.

మా వైపు పెద్దవాళ్లు ‘ఆ సూది మంచిది కాదు’ అనరు. ‘అడక్కుండా వేశారు’ అంటారు. ఈ రెంటికీ తేడా మీ బాట్‌కు అర్థమవుతుందా? ‘టీకా సురక్షితం’ అని అది వందసార్లు చెప్పినా, వీళ్లు అడిగింది అది కాదు.

పేరెందుకు

అందరూ ఊరు, జిల్లా, పాలసీ అంటున్నారు. నేను నా గది సంగతి చెబుతాను.

ఉమ్మడి కుటుంబం మాది. హెచ్‌పీవీ అనేది లైంగిక సంబంధం ద్వారా వచ్చే వైరస్ అని తెలిసినప్పుడు నాకు పుట్టిన మొదటి ప్రశ్న సైన్సు ప్రశ్న కాదు. ‘12 ఏళ్ల పిల్లకు ఇప్పుడే ఇదెందుకు, మా పిల్ల గురించి ఏమనుకుంటారు’ అని. రెండోది, పెళ్లయి ఇన్నేళ్లయిన నాకు అది ఉందేమో అని. మా ఊరి డాక్టర్ గారు మా మామగారి స్నేహితుడు. ఏఎన్ఎం అక్క మా వీధే. ఎవరిని అడగమంటారు? రాత్రి అందరూ పడుకున్నాక దుప్పటి కింద ఫోన్ బ్రైట్‌నెస్ తగ్గించుకుని బాట్‌నే అడిగాను. వైరస్ సోకకముందే వేస్తే బాగా పనిచేస్తుంది, అందుకే చిన్న వయసులో అని చెప్పింది. నా లాంటివాళ్లకు గర్భాశయ ముఖద్వారంలో తేడాలున్నాయేమో చూసే పాప్ స్మియర్ అనే పరీక్ష ఒకటుందని కూడా అప్పుడే తెలిసింది. చదివి, చాట్ డిలీట్ చేసి పడుకున్నాను. నర్సమ్మ వస్తే గడపలో నలుగురి ముందు మాట్లాడాలి. నాకు మాత్రం ఆ ఫోనే నయం.

చిన్న మాట

డిలీట్ చేస్తే మన ఫోన్‌లోనే పోతుందమ్మా, అవతల ఉంటుందో పోతుందో మనకు తెలియదు. 2023 జూన్‌లో టెలిగ్రామ్‌లో ఒక బాట్ కోవిడ్ టీకాల పోర్టల్ కోవిన్‌లో నమోదైనవాళ్ల ఆధార్, ఫోన్ నంబర్ల లాంటివి అడిగినవాడికల్లా చూపించిందని ఎంత గొడవైందో మర్చిపోయారా? పోర్టల్ భద్రంగానే ఉందని ఆరోగ్య శాఖ అంది. ఏమైనా, అడిగేటప్పుడు పేర్లు, ఊర్లు రాయకండి.

రెండో షిఫ్ట్

ఖమ్మం గారి పాయింటుకు నా దగ్గర జవాబు లేదు. పేరెందుకు గారు చెప్పింది మాత్రం నా వాదన కన్నా బలంగా ఉంది.

నాకు నేనే ఒక దెబ్బ వేసుకుంటాను. నిన్న మా అక్క కోసం ఒక యాప్‌లో తెలుగులో అడిగాను: ‘పాపకు తొమ్మిదో నెల తట్టు సూది తప్పిపోయింది, ఏం చేయాలి?’ అని. ‘పాపను భుజం మీద వేసుకుని వీపు మీద మెల్లగా తట్టండి’ అంది! మీజిల్స్ అని రాశాక దారికొచ్చింది, వీలైనంత త్వరగా వేయించమంది. మా అక్కకు మీజిల్స్ అనే మాట తెలియదు. తట్టు, పొంగు, అమ్మవారు, గవదలు, కంఠసర్పి, ఏ ఊరి మాట ఆ ఊరిదే. మా అక్క మాట తెలిసేదాకా ఆ యాప్ ఆమెకు ఇవ్వను.

బుధ-శని

పేరెందుకు అని రాసిన తల్లీ, నువ్వు చెప్పింది నాకు గుచ్చుకుంది. నా ముందు ఎంతమంది ఆడవాళ్లు ఏమీ అడక్కుండా వెళ్లిపోయారో ఇప్పుడు అనిపిస్తోంది. సరే, ఆ బాట్ ఉండనీ. కానీ దాన్ని చూపించి ఇంటింటికీ తిరగడం తగ్గించమంటే మాత్రం నేను ఒప్పుకోను. ఇప్పుడు చేసేవాళ్లకు యాప్‌లలో ఎంట్రీలకే పొద్దు గడిచిపోతోంది. యూపీలో పోలియో చుక్కలు వేస్తే పిల్లలు పుట్టరని పుకారు లేచినప్పుడు దాన్ని అణచింది ఆ వాడల ఆడవాళ్లే, గుమ్మం గుమ్మం తిరిగి. 2011 జనవరి తర్వాత దేశంలో మళ్లీ సహజ (వైల్డ్) పోలియో వైరస్ కేసు రాలేదు. అప్పుడు మన చేతుల్లో వాట్సాప్ లేదు.

ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకు. అంతా తెలుసుకున్నావు కదా, పాపకు వేయించావా?

పేరెందుకు

లేదు మేడమ్. ఇద్దరమ్మాయిలు, 12, 15. ప్రైవేటులో మన దేశంలో తయారైన దానికే డోసు రెండు వేల దాకా చెబుతున్నారు. డబ్ల్యూహెచ్‌ఓ ప్రకారం ఒక్క డోసు చాలని బాట్ అంటోంది. క్లినిక్‌లో చిన్నదానికి రెండు, పెద్దదానికి మూడు అన్నారు. మొత్తం నాలుగు వేలా, పది వేలా? ఎవరో ఒకరు మోసం చేస్తున్నారనిపించి ఆగిపోయాను.

బుధ-శని

ఎవరూ మోసం చేయలేదు. 20 ఏళ్ల లోపు వాళ్లకు ఒక డోసైనా ఫర్వాలేదని డబ్ల్యూహెచ్‌ఓ 2022 డిసెంబరులో చెప్పిన మాట నిజమే. కానీ అది అన్ని కంపెనీల టీకాలకూ ఒకేలా వర్తించదు. 15 నిండకముందు రెండు, నిండాక మూడు అని క్లినిక్ వాళ్లు చెప్పింది టీకాతో వచ్చే కాగితం ప్రకారం. నీకు ఏ కంపెనీది చెప్పారు? ఆ పేరు రాసుకుని పీహెచ్‌సీ డాక్టర్‌ను అడుగు. ప్రభుత్వం తరఫున ఉచితంగా వేస్తున్నారేమో కూడా పనిలో పనిగా కనుక్కో.

పేరెందుకు

కంపెనీ పేరు నేను చెప్పలేదు, బాట్ కూడా అడగలేదు. సోమవారం క్లినిక్‌కు ఫోన్ చేసి కనుక్కుని ఇక్కడే రాస్తాను.