మత్తు మానినవారి ఇంట్లో హింస కూడా ఆగినట్టేనా? సర్వే అంకెలను ఎంతవరకు నమ్మాలి?

చర్చ ప్రారంభించినవారు:

వ్యసనం నుంచి కోలుకున్నవారి ఇళ్లలో హింస తగ్గుతోందని సర్వేలు చూపుతున్నాయి కాబట్టి, చికిత్స పూర్తయ్యాక ఇంటివారి భద్రత గురించి విడిగా ఆలోచించనవసరం లేదని కొందరు వాదిస్తున్నారు. ఈ వాదనతో నేను ఏకీభవించలేను. అమెరికాలో ఓ'ఫారెల్ అనే పరిశోధకుడి బృందం 2003లో ప్రచురించిన అధ్యయనంలో, మద్యపానానికి చికిత్స పొందిన 301 మంది పురుషులలో 56 శాతం మంది చికిత్సకు ముందు ఏడాదిలో భాగస్వామిపై చెయ్యి చేసుకున్నారు. చికిత్స తరువాతి ఏడాదిలో అది 25 శాతానికి దిగింది. మళ్ళీ తాగుడులో పడ్డవారిలో 32 శాతం, కోలుకున్నవారిలో 15 శాతం. ఈ తగ్గుదల నిజమైనదే, ఎన్నో ఇళ్లకు ఊరటనిచ్చేదే. కానీ ఆ 15 శాతంలో పడిన ఇంటి మనిషికి సగటు లెక్కతో ఒరిగేదేమీ లేదు.

మొదటి స్పందన:

అదే అధ్యయనంలో మద్యం సమస్య లేని పురుషులలో 14 శాతం ఉందన్న సంగతి మీరు చెప్పకుండా వదిలేశారు. 14కూ 15కూ మధ్య తేడా లేనప్పుడు, కష్టపడి మానినవారిని మాత్రమే అనుమానంగా చూడటం అన్యాయం. కోలుకుంటున్నవారి బృందంతో నేను పనిచేస్తున్నాను. ఏడు నెలలుగా మందు ముట్టని ఒకాయన, తాను మంచినీళ్ల గ్లాసు కోసం చెయ్యి చాచినా కూతురు ఉలిక్కిపడి వెనక్కి జరుగుతోందని చెప్పి, చాలాసేపు తలెత్తలేదు. అలాంటి మనిషికి కావలసింది నమ్మకం.

రెండవ స్పందన:

అంకెల కంటే ముందు, ఆ అంకెలు ఎలా పుట్టాయో చూడాలి. ఈ రంగంలో ఎక్కువగా వాడే కొలమానం అమెరికా సామాజిక శాస్త్రవేత్త ముర్రే స్ట్రాస్ 1979లో ప్రచురించిన ప్రశ్నావళి. 1996లో గాయాలు, లైంగిక బలవంతం చేర్చి 78 ప్రశ్నలకు విస్తరించారు. నెట్టారా, కొట్టారా, ఎన్నిసార్లు అని అది లెక్కిస్తుంది గాని, ఆ దెబ్బ దాడిలో పడిందో ఆత్మరక్షణలో పడిందో, ఆ ఇంట్లో ఎవరు ఎవరికి భయపడుతున్నారో చెప్పదు. పైగా జవాబు అడిగిన చోటును బట్టి మారుతుంది. ఇటువంటి సర్వేలలో నేను ప్రశ్నలు అడిగాను. జవాబిస్తున్న ఇల్లాలు ఏదో చెప్పబోతుండగా గుమ్మంలో భర్త చెప్పుల చప్పుడు వినబడితే, మేము కాగితం తిప్పేసి పిల్లల టీకాల గురించి అడిగేవాళ్ళం. ఆయన వెళ్ళాక కొందరు మళ్ళీ మొదలుపెట్టేవారు. కొందరు "ఏమీ లేదండీ" అనేసేవారు. ఆ "ఏమీ లేదు" కూడా పట్టికలో సున్నాగానే చేరుతుంది.

చర్చ ప్రారంభించినవారు:

14 శాతం మాట వదిలేయడం నా పొరపాటే, ఒప్పుకుంటున్నాను. మానినవారు ఇతరుల కంటే ప్రమాదకరమని నేను అనడం లేదు. అయితే మొదటి స్పందన రాసినవారు చెప్పిన ఆ పాప నా వాదనకే బలమిస్తోంది. ఈ ఏడాది దెబ్బ పడలేదు కాబట్టి సర్వేలో ఆ ఇల్లు హింస లేని ఇళ్లలో చేరుతుంది, ఆమె ఉలికిపాటుకు మాత్రం అందులో గడి లేదు. అందుకే చికిత్స తరువాత జరిపే ప్రతి సర్వేలో భాగస్వామిని ఒంటరిగా అడగాలి, భయం గురించి అడగాలి, విడిపోయి వెళ్ళినవారిని కూడా వెతికి అడగాలి. మీ బృందంలోని ఆయన మాట మీరు శ్రద్ధగా విన్నారు. ఆయన ఇంటివారిని ఎవరైనా విడిగా కూర్చోబెట్టి అడిగారా?