పెద్ద యాంటీబయాటిక్ రాయాలంటే అనుమతి ఉండాల్సిందేనా?

కృష్ణాతీరం:
కొన్ని ఆస్పత్రుల్లో మెరోపెనెమ్, కొలిస్టిన్, లైనెజోలిడ్ లాంటి, మొండి ఇన్ఫెక్షన్లకు వాడే పెద్ద యాంటీబయాటిక్‌లను డ్యూటీ డాక్టర్ తనంతట తాను రాయడానికి లేదు. ఎందుకు అవసరమో ఫారంలో నింపి సీనియర్ సంతకం తీసుకోవాలి. నేను దీనికి వ్యతిరేకం. మా మేనమామను అర్ధరాత్రి బీపీ పడిపోయి ఐసీయూలో చేర్చాం. మందు కింద ఫార్మసీలోనే ఉంది, సంతకం పెట్టాల్సినాయన ఫోన్ ఎత్తలేదు. సెప్టిక్ షాక్‌లో, అంటే ఇన్ఫెక్షన్ ముదిరి ఇలా బీపీ పడిపోయినప్పుడు, గంటలోపే యాంటీబయాటిక్ పడాలని డాక్టర్లే అంటారు. ఆ గంట కాగితాలకు పోతే జవాబు చెప్పేదెవరు?

వార్డు సిస్టర్:
కృష్ణాతీరం గారూ, మీ మేనమామ విషయంలో జరిగింది ముమ్మాటికీ తప్పే. మొదటి డోసుకు ఎవరి అనుమతీ అడగకూడదు. ఏ క్రిమో, ఏ మందుకు లొంగుతుందో తేల్చే పరీక్ష కోసం కల్చర్ బాటిల్స్‌లోకి రక్తం తీసిన వెంటనే ఇంజెక్షన్ మొదలుపెట్టాలి. ఫారం, సంతకం ఆ తర్వాతి సంగతి. రెండు మూడు రోజుల్లో రిపోర్ట్ వస్తుంది. మామూలు మందుకే లొంగే క్రిమి అని తేలితే పెద్ద మందు ఆపి దానికి మారాలి. చిక్కంతా ఇక్కడే. పేషెంట్ కోలుకుంటున్నాడు కదా, ఇప్పుడెందుకు మార్చడం అని అదే నడిపిస్తారు. అడిగేవాళ్లు ఉంటేనే ఆగుతుంది.

ఆపకపోతే క్రిములు మందులకు లొంగకుండా తయారవుతాయి. అది మేం రోజూ చూస్తున్నాం. వెంటిలేటర్ మీదున్న మనిషికి క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్. రిపోర్టులో మందుల పేర్లకు ఎదురుగా వరసగా ఆర్, ఆర్, ఆర్, అంటే ఏదీ పనిచేయదని. చివరికి కొలిస్టిన్ మిగులుతుంది. అది కిడ్నీలను దెబ్బతీయగల మందు. పొద్దున్నే కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎంతొచ్చిందో చూసేటప్పుడు ఒకటే టెన్షన్. ఇలా చివరికి మిగిలే మందు కాబట్టే డబ్ల్యూహెచ్‌ఓ 2017లో కొలిస్టిన్‌ను రిజర్వ్ వర్గంలో, అంటే ఇంకేదీ పనిచేయనప్పుడే వాడాల్సిన మందుల్లో పెట్టింది. కోళ్లకూ పశువులకూ వాడకుండా మన కేంద్ర ప్రభుత్వం 2019లో నిషేధించింది. కోళ్లకే వద్దన్న మందును ఐసీయూలో అడ్డూ అదుపూ లేకుండా వాడదామా?

పల్నాటి పిల్లగాడు:
సిస్టర్ గారూ, మీరు చెప్పేది పెద్దాస్పత్రులకు సరిపోతుంది. మా ఊరి ఆస్పత్రిలో క్రిములను పరీక్షించే మైక్రోబయాలజీ ల్యాబే లేదు. శాంపిల్ గుంటూరు పంపి, రిపోర్ట్ వచ్చేదాకా కూర్చోవాలి. అక్కడ అనుమతి ఇచ్చేదెవరు, ఏం చూసి ఇస్తారు? ఇంకో మాట. కొన్ని యాంటీబయాటిక్‌లను మందుల షాపులు ఎలా అమ్మాలో చెప్పే షెడ్యూల్ హెచ్1 నిబంధన 2014 నుంచీ ఉంది. చీటీ ఉంటేనే అమ్మాలి, పేషెంట్ పేరు, డాక్టర్ పేరు రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు దాచాలి. ఆ జాబితాలోని సెఫిక్సిమ్ ఇవ్వమంటే ఆ రిజిస్టర్ తెరిచిన షాపు నాకింతవరకు కనపడలేదు. బయట తలుపులు బార్లా తీసి, ఆస్పత్రికి మాత్రం తాళమా?

వార్డు సిస్టర్:
షాపుల గురించి మీరన్నది నిజం. కేరళ రెండు వైపులా పట్టుకుంది. మందులకు లొంగని క్రిములను అరికట్టడానికి 2018లో రాష్ట్ర ప్రణాళిక తెచ్చింది, 2024లో ఆపరేషన్ అమృత్ పేరుతో మందుల షాపుల్లో తనిఖీలు మొదలుపెట్టింది. మనమూ అలా చేయాలి. ల్యాబ్ లేని చోట మెడికల్ కాలేజీ మైక్రోబయాలజిస్టుకు ఫోన్ చేసి అడిగే ఏర్పాటు ఉంటే చాలా వరకు సర్దుకుంటుంది. ల్యాబూ లేక, ఫోన్‌లో చెప్పేవాళ్లూ లేక ఫారం ఒక్కటే పెడితే అది ఉత్త కాగితమే, ఒప్పుకుంటాను.

కృష్ణాతీరం:
మొదటి డోసు ఆపకూడదని ఆ ఫారం మీదే అచ్చు వేస్తే నా అభ్యంతరం సగం పోతుంది. మిగతా సగం పోవాలంటే, రాత్రి సంతకం పెట్టే డాక్టర్ నంబర్‌తో పాటు ఆయన ఎత్తకపోతే ఎవరికి చేయాలో ఆ నంబర్ కూడా నర్సింగ్ స్టేషన్ గోడ మీద అతికించండి.