అమెరికా నుంచి వచ్చిన పాత స్టాండ్ మిక్సర్: కొనాలా, వద్దా?

లాసన్స్‌బే బేకర్:
మన విశాఖ మధురవాడలో ఒక కుటుంబం అమెరికా నుంచి తిరిగి వచ్చి సామాను తగ్గించుకుంటోంది. వాళ్ల కిచెన్‌ఎయిడ్ కంపెనీ స్టాండ్ మిక్సర్‌ను, అంటే గిన్నెలో పిండి, క్రీమ్ కలిపే కరెంటు యంత్రాన్ని, 22,000 రూపాయలకు ఇస్తామంటున్నారు. తల వెనక్కి వంచే రకం, నాలుగుంపావు లీటర్ల గిన్నె. కేకు పిండి కలిపే బీటర్, క్రీమ్ గిలకొట్టే విస్క్, బ్రెడ్ పిండి పిసికే డో హుక్‌లతో పాటు కీమా కొట్టే అటాచ్‌మెంట్, పాస్తా రోలర్లు కూడా అందులోనే. మా ఇంట్లో వారం వారం బ్రెడ్, పండుగలకు కేకులు చేస్తాను. ఆ డబ్బుకు వారంటీతో కొత్తదే వస్తుంది కదా అని మావారి వాదన. మీరేమంటారు?

కంచరపాలెం వైండింగ్:
ధర సంగతి తర్వాత చూద్దామమ్మా. ముందు దాన్ని పడుకోబెట్టి అడుగున ఉన్న ప్లేటు చదవండి. 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని ఉంటే మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెట్టకూడదు. పెడితే మోటారు కాలి, మా దగ్గరకు రివైండింగ్‌కు వస్తుంది. 60 హెర్ట్జ్ అన్నందుకు భయం అక్కర్లేదు. వీటిలో ఉండేది కార్బన్ బ్రష్‌ల మోటారు కాబట్టి మన 50 హెర్ట్జ్‌తోనూ తిరుగుతుంది. వోల్టేజీకి మాత్రం దాన్ని తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండాల్సిందే. ప్లేటు మీద 300 వాట్లు ఉంటే కనీసం రెట్టింపు సామర్థ్యం ఉన్నది తీసుకోండి. హెయిర్ డ్రయ్యర్ల కోసం అమ్మే అరచేతంత కన్వర్టర్‌ను నమ్ముకోవద్దు. ఇంకొక్క మాట. అమెరికా ప్లగ్గులో ఆ గుండ్రటి మూడో కాలు ఎర్త్. సాకెట్టుకు రెండు కన్నాలే ఉన్నాయని దాన్ని కోసేసిన వాళ్లను చూశాను. యంత్రం ఒళ్లంతా లోహం, తిప్పేది తడి చేతులతో. ఆ పని మాత్రం చేయకండి.

గాజువాక అత్తయ్య:
సుమారు పది కిలోల యంత్రం, దాని పక్కన బరువైన ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాక గట్టు మీద చపాతీ పీటకు చోటెక్కడ? పావలా కోడికి ముప్పావలా మసాలా అన్నది ఇలాంటి బేరాల గురించే. పిండి కలపడానికే అయితే వెట్ గ్రైండర్‌కు వచ్చే పిండి కలిపే అటాచ్‌మెంట్ చాలు, అది మన కరెంటుకే పుట్టింది. పాస్తా రోలర్లట! ఎన్నాళ్లకోసారి పాస్తా చేస్తారు? పైగా మీరుండేది సముద్రం పక్కన. ఉప్పుగాలికి మా ఇంటి కిటికీ బోల్టులే తుప్పు పట్టాయి.

సీతమ్మధార కేకులు:
అత్తయ్య గారూ, గ్రైండర్ పిండి కలుపుతుంది, కాదనను. వెన్న, చక్కెర తెల్లగా నురగలా అయ్యేదాకా గిలకొట్టగలదా? స్టాండ్ మిక్సర్‌లో గిన్నె కదలదు. బీటర్ తన చుట్టూ తాను ఒక వైపు తిరుగుతూ, గిన్నె చుట్టూ రెండో వైపుకు తిరుగుతుంది. అంచుల దగ్గర వెన్న మిగలకపోవడానికి కారణం అదే. నా ఓటు పాతదానికే, కానీ పరీక్షించి.

ఖాళీ గిన్నెతో అన్ని వేగాల మీదా తిప్పించండి. కరకరమంటే గేరు అరిగినట్టు. ఆ మోడళ్లలో చాలావాటికి లోపల ఒక గేరు మోటారును కాపాడడానికి తానే ముందు అరిగేలా ఉంటుంది, అది మార్చితే యంత్రం మళ్లీ బతుకుతుంది. తర్వాత గిన్నెలో ఒక రూపాయి నాణెం వేసి, ఫ్లాట్ బీటర్‌తో అతి తక్కువ వేగంలో తిప్పండి. తిరిగినప్పుడల్లా నాణెం కొంచెం జరగాలి. కదలకపోతే బీటర్ ఎత్తులో ఉన్నట్టు, అడుగున పిండి మిగిలిపోతుంది. ఎగిరి పడుతుంటే అడుగును గీస్తోందన్నమాట. తల వంచే మడత దగ్గర ఒక స్క్రూ ఉంటుంది, దానితో ఎత్తు సరిచేయవచ్చు.

ఇక అటాచ్‌మెంట్లు. కిచెన్‌ఎయిడ్‌లో కీమా, పాస్తా లాంటివి ముందువైపు రంధ్రంలో బిగించేవి 1937 నుంచి ఒకే కొలతలో వస్తున్నాయి, ఎప్పటివైనా పడతాయి. బీటర్, విస్క్, హుక్ అలా కాదు. గిన్నె రకాన్ని బట్టి మారతాయి. గిన్నెను లివర్‌తో పైకి లేపే పెద్ద మోడల్ హుక్ మీ దానికి రాదు. హుక్‌కు తెల్లపూత ఉంటే పెచ్చులు లేచాయేమో చూడండి. పూత లేని అల్యూమినియం అయితే వేలితో రుద్దండి, నల్లగా అంటుకుంటే డిష్‌వాషర్‌లో వేసి పాడుచేసినట్టు. అలాంటిదానికి డబ్బులివ్వకండి.

గాజువాక అత్తయ్య:
ఇన్ని పరీక్షలు పెళ్లిచూపుల్లో కూడా ఉండవు! రేపు గేరు అరిగితే విశాఖలో విడిభాగం దొరుకుతుందా? కొరియర్‌లో తెప్పించుకోవాలి. వారంటీ ఉన్న కొత్తదైతే కంపెనీవాడే చూసుకుంటాడు.

సీతమ్మధార కేకులు:
చౌక కొత్తవాటిలో గట్టి బ్రెడ్ పిండి వేయగానే గట్టు మీద నడిచేవి ఉన్నాయండీ. వాటి వారంటీ కాగితం చదవండి, అటాచ్‌మెంట్లకు వర్తిస్తుందేమో! లాసన్స్‌బే గారూ, ఏది కొన్నా హుక్‌తో పిండి రెండో నంబరు వేగం దాటి తిప్పకండి. మే నెలలో క్రీమ్ గిలకొట్టాలంటే గిన్నె, విస్క్ రెండూ ఫ్రిజ్‌లో పెట్టి తీయండి. మన ఉక్కపోతకు ఎంత మంచి యంత్రమైనా క్రీమ్ విరుగుతుంది.

లాసన్స్‌బే బేకర్:
వెళ్లి చూసివచ్చాను. ప్లేటు మీద 120 వోల్టులే. నాణెం పరీక్ష నెగ్గింది, శబ్దం సమంగానే ఉంది. అయితే బీటర్ తగిలించే కడ్డీ చుట్టూ పసుపురంగు నూనె జిడ్డు ఉంది. చాలాకాలంగా వాడలేదట. మేము శాకాహారులం కాబట్టి కీమా అటాచ్‌మెంట్ వదిలేస్తే 3,000 తగ్గిస్తామన్నారు, ట్రాన్స్‌ఫార్మర్ ఉచితమట. నేను ఇంకా తగ్గించమంటున్నాను. ఆ నూనె సంగతి ఏమిటి?

గాజువాక అత్తయ్య:
చూశారా! కేకు పిండిలో పడితే?

కంచరపాలెం వైండింగ్:
మోటారుది కాదమ్మా, గేరు గ్రీజు. కదలకుండా ఉంటే నూనె విడిపోయి కిందికి కారుతుంది. తల విప్పి పాత గ్రీజంతా తీసేసి, ఆహార యంత్రాలకు వాడే గ్రీజు పెట్టించాలి. బండ్ల గ్రీజు రాయనివ్వకండి. ఆ ఖర్చు ధరలోంచి తీయించుకోండి. విప్పినప్పుడే కార్బన్ బ్రష్‌లు ఎంత మిగిలాయో కూడా చూడమనండి.