అప్‌డేట్: గుడౌరీలో మంచు తక్కువ, స్కీ ట్రిప్ రద్దు చేయాలా?

గుంటూరు నుంచి 22 మంది స్టూడెంట్లతో జార్జియాలోని గుడౌరీకి వెళ్తున్నాం, వెబ్‌క్యామ్‌లో కింద గడ్డి కనిపిస్తోంది, రద్దు చేయాలా అని అడిగాను కదా. వెళ్ళొచ్చాం, అందరూ స్కీ నేర్చుకున్నారు. జవాబులిచ్చిన వాళ్ళందరికీ థ్యాంక్స్.

పనిచేసింది "పైకి వెళ్ళిపోండి" అన్న సలహానే. కింది లిఫ్టు (కొండపైకి మోసుకెళ్ళే కేబుల్) స్టేషన్ 2,000 మీటర్ల ఎత్తు దగ్గర ఉంటే, పైవి సుమారు 3,270 దాకా పోతాయి. వెయ్యి మీటర్లకు ఆరేడు డిగ్రీలు తగ్గుతుంది కాబట్టి కింద వాన పడుతున్నా పైన మంచే. క్లాసులు మధ్య స్టేషన్‌కి మార్పించాం. దానికి ఒక్క లిఫ్టు టికెట్ చాలదు, పూర్తి పాస్ కావాలి. కొత్తవాళ్ళు దిగేటప్పుడు గొండోలాలోనే (మూసి ఉండే కేబుల్ క్యాబిన్) దిగాలి, కింది భాగమంతా రాళ్ళు.

"లిఫ్టు తెరవగానే వెళ్ళండి" అన్నది మాత్రం మాకు నప్పలేదు. అక్కడి వాలులు ఎక్కువగా దక్షిణం వైపు, అంటే ఎండ నేరుగా పడుతుంది. పగలు కరిగిన మంచు రాత్రికి గడ్డకట్టి, పొద్దున్నే గాజుపలకలా ఉంటుంది, స్కీ అంచు దిగదు. పదిన్నర నుంచి ఒంటిగంట దాకా హాయిగా ఉంది. ఆ తర్వాత తడి ఇసుకలా బరువెక్కుతుంది, మోకాళ్ళు మెలిపడేది అప్పుడే.

ఇన్సూరెన్స్ గురించి అంత చర్చ జరిగింది కానీ అవసరం పడలేదు. లిఫ్టులు నడుస్తుంటే మంచు తక్కువని మా పాలసీ డబ్బివ్వదు.

అద్దె స్కీలు తీసుకోగానే అడుగుభాగం ఫొటో తీయండి. రాళ్ళ గీతలు పాతవో కొత్తవో తేలేది దాంతోనే.